ఫూల్‌మతికి దిష్టి తీసిన శనివారం

సూపరింటెండెంట్ మేడమ్ తుమ్మిన క్షణంలోనే నాకు అర్థమైపోయింది, కొంప మునగబోతోందని. ఒక తుమ్ము అపశకునం, వెంటనే రెండోది వస్తే శుభం అంటారు మా అత్తగారు. గదిలో ఉన్నవాళ్ళందరూ కలిసికట్టుగా తుమ్మితే శాస్త్రం ఏమంటుందో ఆవిడకీ తెలియదట. అడిగి చూశాను. ఆ తుమ్ములన్నిటికీ కారణం నేనే. పిల్లలు పడుకున్నారు, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది, పోయిన పరువు ఎలాగూ తిరిగిరాదు కాబట్టి చెప్పేస్తాను.

మేముండేది హిందీ మాట్లాడే ఒక ఉక్కు కార్ఖానా ఊరు. ఇక్కడ చట్టంతో చిక్కుల్లో పడిన ఆడపిల్లలను ఉంచే ఒక గృహానికి ప్రతి శనివారం వెళ్తాను. బయటికొచ్చాక ఎలా బతకాలి, కోపమొస్తే ఏం చెయ్యాలి, పని అడిగేటప్పుడు ఎలా మాట్లాడాలి అన్నవి వాళ్ళకు నేర్పుతాను. కంగారు పడకుండా ఉండడం కూడా నేర్పుతాను. నవ్వకండి. స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే డ్రైవరుకే కాదు, డ్రైవరు భార్యకు కూడా ఫోన్ చేసే మనిషిని నేను. ఈత రానివాడు గట్టు మీద నిలబడి ఈత నేర్పడం లేదా ఏమిటి?

అక్కడి పిల్లల్లో ఫూల్‌మతి చురుకైనది. సుపేలా బజారు ఆటోల్లో జనం జేబుల్లోంచి ఫోన్లు తియ్యడం ఆమెకు మేనమామ నేర్పాడు. మోటార్లకు తీగ చుట్టడం ఈ గృహంలో నేర్చుకుంది. వేళ్ళు అవే, దారి మారింది. పద్దెనిమిది నిండాయి, ఇక విడుదలే. పని దొరికితే మహిళల హాస్టల్లో మంచం సిద్ధం. దొరక్కపోతే, గేటు బయట మోటార్‌సైకిల్ మీద మేనమామ సిద్ధం.

అందుకని మా నాన్న స్నేహితుడు అప్పలరాజు మావయ్య కాళ్ళావేళ్ళా పడ్డాను. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో మోటార్లు బాగుచేసే షెడ్డు ఆయనది.

"దొంగపిల్లనా? నా షెడ్డులోనా? నీకు మతి గాని పోయిందేటి?" అన్నాడు.

"ఒక్కసారి చూడండి మావయ్యా."

"సూడ్డానికేటి, జూలో పులినీ సూస్తాం. ఇంటికి తెచ్చుకుంటామేటి?"

చివరికి శనివారం వస్తానన్నాడు. అక్కడితో ఊరుకుంటే నేను నేను ఎందుకవుతాను? ఆ వారమంతా గృహంలో ఎవరు చూసినా ఫూల్‌మతిని పొగడడమే. వంటమనిషి పొగిడింది, గార్డు పొగిడింది, ఎన్నడూ నోరారా మెచ్చుకోని సూపరింటెండెంట్ మేడమ్ కూడా పొగిడింది. నా గుండె గుభేలుమంది. ఇన్ని కళ్ళు ఒక్క పిల్ల మీద! ఎమ్మే సోషియాలజీ పట్టా ఇంట్లో బీరువాలో ఉంది. ఎండుమిరపకాయలు, రాళ్ళుప్పు మాత్రం బ్యాగులో పెట్టుకుని బయలుదేరాను. అవి కూడా అత్తగారికి ఊరినుంచి వచ్చిన కాయలు. నోట్లో పెట్టుకోనక్కర్లేదు, పేరు తలుచుకుంటే చాలు, కళ్ళు చెమరుస్తాయి.

గేటు దగ్గర గార్డు బ్యాగు వెతికింది. "దీదీ, ఇన్ని మిర్చీలెందుకు?"

"పులిహోర పోపుకి," అన్నాను. నిజం చెప్పడం మొదటి మెట్టు అని కిందటి శనివారమే పాఠం చెప్పి ఉన్నాను.

వరండాలో ఫూల్‌మతిని పట్టుకున్నాను. ఇస్త్రీ చేసిన దుపట్టా, నూనె రాసి దువ్విన జడ.

"తూర్పుకి తిరుగు. కదలకు."

"దీదీ, నజర్ తీస్తున్నావా? ఇంత చదువుకున్నదానివి!"

"చదువు చదువే, దిష్టి దిష్టే. ఉమ్ము, మూడుసార్లు."

ఉమ్మింది పాపం, నా మీద గౌరవంతో. మామూలుగా దిష్టికి ఏ నాలుగు కాయలో చాలు. నేను రెండు గుప్పిళ్ళు తిప్పాను. భయం పెద్దదైతే గుప్పిలి చిన్నదవుతుందా? వంటింట్లో రొట్టెలు కాల్చే బొగ్గుల పొయ్యిలో అంతా గుమ్మరించి, ఏమీ ఎరగనట్టు హాల్లోకొచ్చి కూర్చున్నాను.

మావయ్య అప్పటికే ఇంటర్వ్యూ మొదలెట్టాడు.

"ఇంతకుముందు ఏటి పని చేసేదానివి?" తెలుగులోనే అడిగి, మళ్ళీ హిందీలోకి మార్చాడు.

"ఫోన్లు కొట్టేసేదాన్ని అంకుల్," అంది ఫూల్‌మతి, తల వంచకుండా.

మావయ్య కొంచెం మెత్తబడ్డట్టే అనిపించింది. సరిగ్గా అప్పుడే మేడమ్ తుమ్మింది.

హాల్లో ఎండాకాలపు పెద్ద కూలర్ ఉంది. దాని వీపు కిటికీ అవతల వంటింటి వైపు ఉంటుంది. వంటింటి పొగనంతా అది శ్రద్ధగా పీల్చి, తడిపి, చల్లబరచి మా మొహాల మీదికి వదలడం మొదలుపెట్టింది. చల్లటి మిరపఘాటు! ప్రపంచంలో ఇంకెవరైనా రుచి చూశారో లేదో నాకు తెలియదు.

"గ్యాస్! గ్యాస్ లీకైంది!" అంటూ గార్డు ఈల ఊదింది. ఉక్కు కార్ఖానా ఊరివాళ్ళకు ఆ మాట ఒక్కటి చాలు. పిల్లలందరూ ముంగిట్లోకి పరుగు. గేటుకు ఇంకో తాళం. కంచె చేను మేసిందని విన్నాం గాని, చేనుకు నిప్పు పెట్టిన కంచెను నేనే.

ముంగిట్లో పిల్లల్ని లెక్కపెట్టారు. ఒకరు తక్కువ.

"ఫూల్‌మతి ఏది?" అంది మేడమ్, కళ్ళు తుడుచుకుంటూ.

మావయ్య కూడా కనబడలేదు. పారిపోతే ఇంక హాస్టలు లేదు, షెడ్డు లేదు. నా మిరపకాయలే ఆ పిల్లకు గేటు తెరిచినట్టు.

వెనక పెరట్లో కుళాయి దగ్గర దొరికారు ఇద్దరూ. మావయ్య కళ్ళు గట్టిగా మూసుకుని పీట మీద కూర్చున్నాడు. ఫూల్‌మతి ఆయన మొహం మీద నీళ్ళు కొడుతోంది. ఆమె రెండో చేతిలో ఆయన ఫోను!

మేడమ్ ఆ చేతినే చూసింది. గార్డూ చూసింది. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేనూ చూశాను. ఫూల్‌మతి మొహం పాలిపోయింది. "దీదీ, నేను..." అని ఆగిపోయింది.

నీళ్ళు పడడం ఆగిపోయేసరికి మావయ్య ఒక కన్ను తెరిచాడు.

"ఏటమ్మా, అందరూ అలా గుడ్లప్పగించి సూస్తన్నారు? తడిసిపోద్దని నానే ఇచ్చాను. పట్టుకోమని పెద్దమనిషినెవరినైనా అడుగుదామంటే ఒక్కరూ లేరు, పరిగెత్తీసారు. ఈ పిల్లే నా సెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది."

తుండు తీసుకుని మొహం తుడుచుకున్నాడు. ఆ ఘాటు దిష్టి మిరపకాయలదని తెలుగువాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, నా వైపు ఓ చూపు చూశాడు.

"సోమవారం హాస్టలుకి నా బండి పంపుతాను, మేడమ్. పని నేర్పుతాను. ఒక్కటే షరతు."

"చెప్పండి," అంది మేడమ్.

"ఈ ఎమ్మే అమ్మాయిని మాత్రం నా షెడ్డు ఛాయలకి రానివ్వకండి. దొంగలతో ఏగొచ్చు గాని, ఈవిడతో ఏగలేం."

ఫూల్‌మతి పకపకా నవ్వింది. ఆ గృహంలో ఆమె అంత గట్టిగా నవ్వడం అంతకుముందు నేనెన్నడూ వినలేదు. ఆ రోజునుంచి గేటు దగ్గర నా టిఫిన్ డబ్బాకు కూడా తనిఖీ ఉంది. సాయంత్రం అత్తగారికి చెబితే ఆవిడ తీరిగ్గా అన్నది: "అంత ఘాటొచ్చిందా? అయితే ఆ పిల్లకి దిష్టే లేదమ్మా. ఉంటే కాయలు కాలినా ఘాటు రాదు."

మర్నాడు పొద్దున్న నా కళ్ళు ఇంకా టమాటాల్లా ఉంటే మా పిల్లలు అడిగారు: "ఆ జైలు అక్కలు నిన్ను ఏడిపించారా అమ్మా?"

ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టుకుని చెప్పాను. "లేదు నాన్నా. వాళ్ళందరూ బుద్ధిగా ఉన్నారు. అల్లరి చేసింది అమ్మ ఒక్కతే. ఒకరికి మంచి జరగబోతుంటే మనం చెయ్యాల్సింది చేతులు కట్టుకుని పక్కన కూర్చోవడం. ఇకమీద ఈ జన్మలో ఎవరికీ ఎండుమిరపకాయలతో దిష్టి తియ్యనని మీ ఇద్దరి మీదా ఒట్టు. అయ్యో, ఒట్టు మీ మీద వేశానా! కదలకండి, తూర్పుకి తిరగండి, ఇది ఉప్పే."