చీమ వేసిన బొమ్మలు

బొగ్గుగనిలో దిగే కార్మికులకు తలదీపాలు అందించే ఉద్యోగం చేసి రిటైరైన బాలకృష్ణ, ఇల్లందు నుంచి ఒకప్పుడు నాలుగు పేజీల పత్రిక నడిపాడు. అది ఆగిపోయి పదేళ్లయింది. అందులోనూ, అలాంటి చిన్నాచితకా పత్రికల్లోనూ వచ్చిన కార్టూన్లన్నీ సొంత ఖర్చుతో ఒక పుస్తకంగా వేయాలని పట్టుబట్టాడు.

వాటిలో ఆయనకు ప్రాణమైనవి ‘చీమ’ బొమ్మలు. వేసినవాళ్లెవరో తెలియదు. సంతకానికి బదులు మూలన ఒక చీమ ఉండేది. కవరు మీద దమ్మపేట ముద్ర ఉండేది. అడగకుండా అచ్చువేయడానికి మనసొప్పక, ప్రూఫులూ ఒక పాత కవరూ సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు.

దమ్మపేట పోస్ట్‌మన్ చిరంజీవి ఆ చేతిరాత చూడగానే గుర్తుపట్టాడు.

“ఇది అంగన్‌వాడీ టీచరమ్మ రాత సార్, నిర్మలాదేవి మేడం. పాపం, పక్షవాతం వచ్చి మంచాన పడ్డది.”

ఇంట్లో కోడలు సుజాత ప్రూఫులు తిరగేసి నివ్వెరపోయింది.

“గివి మా అత్తమ్మ ఏసిందా? పన్నెండేండ్ల సంది ఈ ఇంట్ల ఉంటున్న. ఆమె బొమ్మలేసుడు ఎన్నడూ చూడలే.”

పేరెందుకు దాచిందో బాలకృష్ణ అడగలేదు. ఆ బొమ్మల్లో వెక్కిరింపులన్నీ తనిఖీకి వచ్చే అధికారుల మీదే.

నిర్మలాదేవికి మాట పోయింది. కుడిచేయి పడిపోయింది. బాలకృష్ణ మంచం పక్కన కూర్చుని ఒక్కో పేజీ చూపించాడు.

“పుస్తకంల వేసుకోమంటరా అమ్మా?”

ఆమె తల ఊపింది. తర్వాత ఎడమచేతి వేలు ఒక పేజీ మీద పెట్టి, ఇక తీయలేదు. ఎందుకో ఆయనకు అంతుబట్టలేదు. సుజాతే కనిపెట్టింది.

“అన్నింట్ల చీమ ఉంది సార్. దీంట్ల లేదు.”

ప్రెస్సులో అంచు కత్తిరించినప్పుడు పోయినట్టుంది.

“తప్పు నాదేనమ్మా. మళ్లా సరిగ్గ ఏపిస్త,” అన్నాడు బాలకృష్ణ. ఆమె కళ్ల నుంచి నీళ్లు జారి చెవుల్లోకి దిగాయి.

ఆ ఒక్క పేజీ సరిచేయించేసరికి మూడు వారాలు ఆలస్యమైంది. పుస్తకాల కట్టలు విప్పుతుండగా సుజాత ఫోన్ చేసింది.

“అత్తమ్మ పొద్దుగాల పోయింది సార్.”

ఆ పేజీ అలాగే వదిలేసి ఉంటే ఆమె పుస్తకం చూసుకునేది గదా అన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు.

దశదినకర్మకు పది ప్రతులు తీసుకెళ్లాడు. షామియానా కింద ఆడవాళ్ల చేతుల్లో అవి తిరుగుతున్నాయి. ఒకామె పైకి చదివింది. బొమ్మలో అధికారి పిల్లలకు పెట్టాల్సిన కోడిగుడ్లు వరసగా మింగుతూ టీచర్ని గద్దిస్తున్నాడు: “పిల్లలు బరువెందుకు పెరగట్లేదమ్మా?”

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే వరసంతా నవ్వు. నిర్మలాదేవి అంగన్‌వాడీలోనే ఆయాగా చేసిన ముత్తక్క కూడా నవ్వి, ఆ నవ్వులోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“గా సారు నాకెరికే. ఇరవయ్యేండ్లు ఒక్కతాన పనిచేసినం. నాకన్న ఒక్క మాట చెప్పకపాయె,” అని వెక్కివెక్కి ఏడ్చింది.

పత్రిక నడిపినన్నాళ్లలో చీమ బొమ్మ చూసి ఒక మనిషి నవ్వడం బాలకృష్ణ ఎన్నడూ కళ్లారా చూడలేదు. విస్తరి ముందు కూర్చున్నా, ఈ నవ్వు ఆమె వినలేదు గదా అనే అనుకుంటూ ఉండిపోయాడు.