తోక విరిగిన వాలు అక్షరాలు

గురువారం పొద్దున దేవుడి దగ్గర దీపం వెలిగించి కూర్చున్నాను. తాడేపల్లిగూడెం నుంచి ఫోన్ వచ్చింది. "నాన్నగారు తెల్లవారుజామున పోయారక్కా" అంది ప్రెస్ మేష్టారి అమ్మాయి. మర్నాడే ఆయన్ని చూడ్డానికి వెళ్దామనుకున్నాను. ఒక మాట చెప్పాల్సి ఉంది. ముప్పై ఏళ్ళు దాటిన మాట.

ఆయన బడిలో మేష్టారు కాదు. ఏలూరులో చిన్న ప్రెస్సు నడిపారు. సీసపు అక్షరాలు పేర్చే పనికి నేను పద్దెనిమిదేళ్ళకి అక్కడ చేరాను. ఇంట్లో నేనే పెద్దదాన్ని, నా వెనక ముగ్గురు. వాళ్ళ చదువులు ఆ పని మీదే నడిచాయి. అక్షరాన్ని తలకిందులుగా చదవడం నాకు నేర్పింది మేష్టారే. తప్పు చేస్తే అరిచేవారు కాదు. ప్రూఫు చేతికిచ్చి, "ఏవమ్మా, ఇది నువ్వే చదివి చెప్పు" అనేవారు.

ఆయన దగ్గర మద్రాసు నుంచి తెప్పించుకున్న ఇంగ్లీషు ఇటాలిక్ అక్షరాలు ఒక గళ్ళ పెట్టెలో ఉండేవి. కుడివైపుకి కాస్త వాలి, చివర్లు సన్నగా తేలి, కుదురైన చేతిరాతలా ఉండేవి. శుభలేఖలో పేర్లకీ, ఆహ్వానంలో ఒకటి రెండు వరుసలకీ తప్ప బయటికి తీసేవారు కాదు. "ఇది ఊరగాయమ్మా, కంచం నిండా వడ్డించకూడదు" అనేవారు. కర్మ కార్డులకి అసలే ఇచ్చేవారు కాదు. "వాలు అక్షరం నడుస్తున్నట్టుంటుంది. పోయినవాళ్ళకి నిలబడ్డ అక్షరం వెయ్యాలి."

వాటిలో చిన్న ఎఫ్‌కి తోక పొడుగు. అది సీసపు దిమ్మ దాటి గాలిలోకి వచ్చి పక్క అక్షరం మీదికి ఒరుగుతుంది. అందుకే ఆ అక్షరాలను బ్రష్షుతో తోమకూడదు, కిరసనాయిలులో తడిపిన మెత్తటి గుడ్డతో తుడవాలి. అచ్చు మెషిన్ కాలితో తొక్కే అతన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని, కొల్లేటి లంక మనిషి. నేను తుడుస్తుంటే నవ్వేవాడు. "చెల్లెమ్మగారూ, తల తడారాక సాంబ్రాణి పొగ కూడా వెయ్యండి, పాపం జలుబు చేస్తుంది!"

"నీ తొక్కుడు నువ్వు చూసుకోరా" అని మేష్టారూ నవ్వేవారు.

ఒక శ్రావణ శుక్రవారం ఇంట్లో పూజ, నాకు తొందర. గుడ్డ కనబడలేదు. తెలుగు అక్షరాలు తోమే గట్టి బ్రష్షు అందుకుని రెండుసార్లు రుద్దాను. పెట్టెకి వచ్చినవే ఆరు ఎఫ్‌లు. ఆరూ ఆ రోజు అచ్చయిన శుభలేఖలోనే ఉన్నాయి. ఆరింటి తోకలూ విరిగాయి. వాటిని గళ్ళలో వేసి ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు మేష్టారు అన్నయ్యని పిలిచారు. "కాగితం కింద అట్టలు ఎక్కువ పెట్టావురా. ఒత్తిడికి విరిగాయి."

"నేను కాదండీ మేష్టారూ. మెషిన్ మీంచి దింపినప్పుడు బాగానే ఉన్నాయండీ."

"మరి వాటంతటవే విరిగాయా?"

నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను. పని పోతుందని భయం. అక్షరాలు పేరుస్తూనే ఉన్నాను. అన్నయ్య మధ్యాహ్నం దాకా మెషిన్ తొక్కి, చేతులు కడుక్కుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

అప్పటికే మద్రాసులో ఆ అక్షరాలు పోతపోయడం మానేశారు. "మన పేర్లలో ఎఫ్ రాదు గదమ్మా" అని మేష్టారు అప్పటి నుంచీ పేర్లు మాత్రమే వాలు అక్షరాలతో వేశారు, మిగతాదంతా నిలువు అక్షరాలే. ఊరు మెచ్చుకుంది. "ఏం టేస్టండీ మీది! పేర్లు ఎంత అందంగా కనబడుతున్నాయో!" విన్నప్పుడల్లా నేను తల దించుకునేదాన్ని. ఒకసారి ఆరిఫ్ అనే పెళ్ళికొడుకు శుభలేఖ వచ్చింది. మేష్టారు ఆ తండ్రికి కుర్చీ వేసి, "మీ అబ్బాయి పేరుకి సరిపడా అక్షరం నా దగ్గర లేదండీ, ఏమనుకోకండి" అన్నారు. ఆ సాయంత్రం దేవుడి ముందు నా శ్లోకం సాగలేదు.

కిందటి నెల తాడేపల్లిగూడెంలో అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన మంచంలో ఉన్నారు. ఎవరో ఫోన్లో పంపిన శుభలేఖ చూపించారు. "నిలువు అక్షరాన్నే పక్కకి తోసి ఇటాలిక్ అంటున్నారమ్మా. వాలడం వేరు, తోస్తే ఒరగడం వేరు." ఫోన్ పక్కన పెట్టి అన్నారు. "మెషిన్ తొక్కినవాడు గుర్తున్నాడా? అబద్ధమాడే మనిషి కాదు వాడు. ఎందుకలా అన్నానో."

చెప్పేద్దామని మంచం దగ్గరికి జరిగాను. అమ్మాయి కాఫీ తెచ్చింది. మళ్ళీ వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను.

పెద్దకర్మ కార్డు దగ్గరుండి నిలువు అక్షరాలతో వేయించాను. కర్మ అయ్యాక వాకబు చేసి కొల్లేరు వెళ్ళాను. అన్నయ్య చేపల చెరువు గట్టు మీద ఉన్నాడు.

"చెల్లెమ్మగారేనాండీ? మేష్టారు బాగున్నారాండీ?"

చెప్పాను. తలకి చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. తోకలు విరగ్గొట్టింది నేనేనన్న సంగతీ చెప్పాను.

"ఆయనకి చెప్పారాండీ?"

"లేదన్నయ్యా."

"చెప్పుంటే కబురెట్టేవారండీ." నీళ్ళకేసి చూశాడు. "నేనూ వచ్చేవాణ్ణండీ."

కోప్పడలేదు. పరవాలేదనీ అనలేదు. మేత తట్ట ఎత్తుకుని గట్టు వెంట గుప్పెడు గుప్పెడు విసురుతూ నడిచాడు. అతను దాటిన చోటల్లా చేపలు పైకి వచ్చాయి. అతను మలుపు తిరిగి కనుమరుగయ్యాడు. మేత అయిపోయిన నీళ్ళ మీద అవి ఇంకా నోళ్ళు తెరుస్తూ మూస్తూనే ఉన్నాయి.