కండువా కింద ఆగిన ప్రశ్న

ఆఫీసులో ఎవరైనా నా దగ్గరకు వచ్చి, వర్డ్ బిగుసుకుపోయింది, పైన మూసే గుర్తు నొక్కినా కదలడం లేదు అంటే, ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. ఈ కంప్యూటర్‌కి ఇంకో తెర ఏదైనా తగిలించి ఉందా? చాలామంది నా వైపు వింతగా చూస్తారు. ఇంజనీరింగ్‌లో నాకు ఈ ప్రశ్న ఎవరూ నేర్పలేదు. విజయనగరంలో మా మేనత్త ఇంటి హాల్లో దొరికింది.

అత్త బళ్లో సంగీతం చెప్పి రిటైరయింది. తాతగారు గుడిలో కీర్తనల సేవ చేసేవారు. ఆయన పోయాక ఆ ఇంటి హాలు అత్త పాఠాలకు మిగిలింది. పొడుగాటి హాలు, నాపరాళ్ల నేల, ఒక మూల తంబురా, ఎదురు గోడకి టీవీ. టీవీ ఉన్నచోట ఒకప్పుడు నిలువుటద్దం ఉండేదట. పాడేవాళ్ల ముందు అద్దం ఉంటే మొహం చూసుకుంటూ శ్రుతి వదిలేస్తారని, పాట మొదలవగానే తాతగారు దాని మీద తన పొందూరు కండువా కప్పేసేవారు. అద్దం పగిలిపోయింది, టీవీ వచ్చింది, కండువా మాత్రం అలాగే ఉండిపోయింది. టీవీ ఆగి ఉందా, వెలుగుతూ ఉందా అన్నది అత్తకు లెక్కలోకి రాదు. ఎవరైనా గొంతు విప్పితే కండువా పడాల్సిందే.

కంప్యూటర్ లోపలి గదిలో ఉండేది. పిల్లలకు సాహిత్యం పెద్ద అక్షరాల్లో కనబడాలని అత్త అడిగితే, ఆ గది నుంచి హాల్లో టీవీ దాకా గోడ వెంట పొడుగాటి కేబుల్ వేశాను. రెండు తెరలూ పక్కపక్కన ఉన్నట్టు అమర్చాను. మౌసు కుడి అంచు దాటించి లాగితే పేజీ గోడలోంచి వెళ్లి హాల్లో తేలుతుంది. పిల్లలు అది చదివి కంఠతా పట్టేవారు. పాడే వేళకు మళ్లీ కండువా.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి. ఆఖరున మంగళం రాయనిదే పుస్తకానికి పేరు పెట్టకూడదని తాతగారి మాట. అత్త దాన్ని కంప్యూటర్ దాకా తెచ్చింది. ఫైలు మొదలుపెట్టగానే ఒక పేరుతో దాచుకో, మధ్యమధ్య సేవ్ చెయ్ అని నేను ఎన్నోసార్లు చెప్పాను. అత్త నవ్వేసేది. పూర్తి కానిదానికి పేరేట్రా అనేది. రాత్రిళ్లు కంప్యూటర్ ఆపకుండా నిద్రపుచ్చేదే తప్ప సేవ్ నొక్కేది కాదు.

నాకు ఉద్యోగం వచ్చి విశాఖపట్నంలో చేరిన కొత్తలో పొందూరు మామ్మ ఆ ఇంటికి కొన్నాళ్లు ఉండటానికి వచ్చింది. మా నాయనమ్మ చెల్లెలు, అత్తకు పిన్ని. చిన్నప్పటి నుంచీ రాట్నం వడికిన మనిషి. రాట్నం ముందు ఆడవాళ్లు పాడుకునే పాటలు ఆమెకు చాలా వచ్చని మా ఇంట్లో అందరూ అనేవారు కానీ, రాసి పెట్టినవాళ్లు లేరు. అవి ఇప్పుడైనా కాగితం మీదకు రావాలని అత్త పట్టుదల.

తీరా అడిగితే మామ్మకు ఒక్కటీ గుర్తు రాలేదు. చెయ్యి తిరిగితే గానీ పాట రాదంది. ఆ ఇంట్లో రాట్నం లేదు. అత్త ఆలోచించి పాత కుట్టుమిషను హాల్లోకి జరిపించి, దాని పక్క చక్రం మీద మామ్మ చెయ్యి పెట్టించింది. చక్రం తిరిగింది, పాట వచ్చింది. మామ్మ హాల్లో మిషను తిప్పుతూ పాడేది, అత్త లోపలి గదిలో తలుపు తీసి ఉంచుకుని వింటూ టైపు చేసేది. ఒకసారి నేను వెళ్లినప్పుడు ఆ వరస చూశాను. దారం లేని మిషను గరగరలాడుతుంటే పైనుంచి పాట.

పలచగా తియ్యకే పడుచుదానా
గాలికే తెగునమ్మ నీ దారము

మామ్మ పాట ఎప్పుడూ రెండోసారి అలాగే వచ్చేది కాదు. మళ్లీ పాడమంటే చరణాలు మారిపోయేవి, కొన్ని అసలు రానే వచ్చేవి కావు. ఒకసారి చెయ్యి దాటింది మల్లీ రాదే అనేసేది. అందుకే అత్త చెవి అంతా అటే పెట్టి, మాట పొల్లు పోకుండా కొట్టేది. మామ్మ కొడుకు వచ్చి ఆమెను పొందూరు తీసుకెళ్లే రోజు వరకు అలా సాగింది.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసులో నేను భోజనం కేరియరు ఇంకా తెరవలేదు. అత్త ఫోన్ చేసింది.

"ఒరే, ఇది మొరాయించీసింది. పైనున్న మూడూ నొక్కతన్నాను. ఒక్కటీ పలకదు."

మూడూ అంటే తెర మీద వర్డ్ కిటికీకి పైన కుడి మూలన ఉండే గుర్తులు. కిందకు దించే గీత, చిన్నదీ పెద్దదీ చేసే చదరం, మూసే గుణకారం గుర్తు. ఏం జరిగిందో వరసగా చెప్పమన్నాను. మామ్మ ఆఖరి పాట ఒకటి పొద్దున్నే పాడింది, అది ఎక్కించడం అయిపోయింది. మంగళం మామ్మ ప్రయాణానికి ముందు పాడతానంది. ఈలోగా భోజనాలకు లేస్తూ, పేజీ కిందకు దించబోయి అత్త మూసే గుర్తు నొక్కేసింది. మూసుకోలేదు. అప్పటి నుంచీ అక్షరం పడదు, పేజీ కదలదు. పక్కింటాయన వచ్చి చూసి స్విచ్ తీసి మళ్లీ వెయ్యమన్నాడట.

"తీసీమంటావేటి?"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పాటలన్నీ సేవ్ చేశావా అని అడిగాను. జవాబు నాకు తెలుసు.

"మంగళం రానేదు కదరా" అంది అత్త. ఆ గొంతులో నవ్వు లేదు.

వర్డ్ తనంతట తాను మధ్యమధ్య ఒక నకలు దాచుకుంటుంది. అది దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికినా ఏ పాట దగ్గర ఆగిందో చెప్పలేను. మామ్మ చేతి నుంచి వచ్చిన వాటిని ఆ నమ్మకం మీద వదలడానికి మనసు రాలేదు. స్విచ్ ముట్టుకోవద్దని, పక్కింటాయన్ని కూడా ముట్టుకోనివ్వొద్దని చెప్పాను.

తర్వాత ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చాను. మౌసు పాడైందా? కాలిక్యులేటర్ తెరిపించాను. తెరుచుకుంది, మూసుకుంది కూడా. అంటే మౌసు మంచిదే, మిగతా కంప్యూటర్ కూడా మంచిదే, చిక్కు వర్డ్‌లోనే ఉంది. వర్డ్ చచ్చిపోయిందా? చచ్చిపోతే పేజీ పాలిపోతుంది, పైన పేరు పక్కన స్పందించడం లేదని ఇంగ్లీషులో రాస్తుంది. రెండూ లేవంది అత్త. అయితే అది బతికే ఉంది. బతికి ఉండి కదలని ప్రోగ్రాం ఏదో ప్రశ్న అడిగి జవాబు కోసం నిలబడి ఉంటుంది. జవాబు వచ్చేదాకా ఇంకే బొత్తామూ వినదు. ఆ ప్రశ్న పేజీ మీద కనబడాలి. కనబడటం లేదు.

నొక్కినప్పుడు ఏమైనా చప్పుడు వస్తోందా అని అడిగాను.

"ఇక్కడ ఏటీ రాదు. నేను నొక్కినప్పుడల్లా హాల్లో గంట మోగతాది. దేవుడి గంటతో ఆటలేటని పిన్నిని రెండుసార్లు కసిరీసేను."

దూరం నుంచి మామ్మ గొంతు వినిపించింది. "నానేటీ ముట్టుకోనేదంటే ఇనదే."

అక్కడ నాకు తెలిసింది. నేను వేసిన కేబుల్ బొమ్మనే కాదు, చప్పుడును కూడా టీవీకి మోసుకెళ్తుంది. ప్రశ్న ఎక్కడ ఉందో గంట అక్కడి నుంచే మోగుతోంది. అంతకు ముందటి పాఠానికి అత్త పేజీని టీవీ మీదకు లాగి, మళ్లీ వెనక్కి తెచ్చుకుంది. ఆ ప్రశ్న పెట్టె మాత్రం అటే తెరుచుకుంది.

"అత్తా, టీవీ మీద కండువా ఉందా?"

"ఉండదేటి మరి? పిన్ని పాడింది కదా."

తీసి చూడమన్నాను. చెప్పులు లేని కాళ్లు నాపరాళ్ల మీద నడిచిన చప్పుడు కూడా నాకు గుర్తే. అత్త కండువా తీసింది. తర్వాత ఇంగ్లీషు మాటలు కూడబలుక్కుంటూ చదివింది. మార్పులు దాచమంటారా అని పెట్టె అడుగుతోంది. కింద మూడు బొత్తాలు. మొదటిది దాచేది, రెండోది దాచకుండా పారేసేది, మూడోది వద్దని వెనక్కి పంపేది.

ఇప్పుడు ఆలోచిస్తే మార్గాలు చాలానే ఉన్నాయి. ఆ రోజు ఒక్కొక్కటీ మూసుకుపోయింది. వెనక్కి పంపే ఎస్కేప్ మీట అత్త కీబోర్డు ఎడమ మూలన ఎప్పుడో ఊడిపోయింది. ఎంటర్ కొట్టమందామంటే, బిగుసుకున్నప్పుడు అత్త కనబడిన మీటలన్నీ కొట్టింది, ఇప్పుడు అది ఏ బొత్తాం మీద నిలబడి ఉందో తెలియదు. టీవీ వైరు పీకమందామంటే గోడకున్న టీవీ వెనక చెయ్యి దూరదు, కంప్యూటర్ వెనక అన్నీ నల్ల వైర్లే, కరెంటు వైరు చేతికి వచ్చిందంటే అంతే. మిగిలింది మౌసు. ఆ మౌసుకు జానెడు తోక. లోపలి గది దాటి రాదు.

కాబట్టి బాణం గుర్తు ఎక్కడుందో హాల్లోంచి ఒకరు చెప్పాలి, లోపల ఒకరు జరపాలి. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. అత్త ఫోన్‌ను స్పీకర్లో పెట్టి గుమ్మం దగ్గర స్టూలు మీద ఉంచింది. మామ్మకు టీవీలో మొదటి బొత్తాం వేలితో చూపించి, దాని మీదకు బాణం వచ్చినప్పుడే చెప్పమంది. రెండోదాని మీద ఉంటే నోరు విప్పొద్దంది.

"అంత సెప్పాలేటి? నూలు సూసిన కల్లే" అంది మామ్మ.

ఆ తర్వాత ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. అంచు దాటి బాణం హాల్లోకి రావడానికే చాలా అయింది. వచ్చాక మామ్మ దాన్ని దారి తప్పిన కోడిని తోలినట్టు తోలింది. ఇటు రమ్మంది, కిందకు దిగమంది, దాటిపోయావంది. అత్త లోపలి నుంచి ఎటు ఎటు అని అడుగుతోంది. ఎడమ అంటే ఎవరి ఎడమ అని ఇద్దరూ కాసేపు దెబ్బలాడుకున్నారు. నీ కడుక్కునే చెయ్యి వైపు అని మామ్మ తేల్చింది.

"ఆగు. కదపకు. మద్దిలో దాని మీద నిలబడ్డావు, నొక్కీకు."

ఎటు జరపాలని అత్త లోపలి నుంచి అడిగింది.

"కొంచెం ఇటు. ఇంకొంచెం. అదీ, బొత్తాం రంగు మారినాది. నొక్కు."

క్లిక్ నాకు వినబడింది. గంట మోగలేదు.

వెంటనే ఇంకో పెట్టె వచ్చిందని మామ్మ చెప్పింది. పేరు అడిగే పెట్టె అదేనని నాకు తెలుసు. అందులో ఏదో ఒక పేరు కొట్టి, ఇప్పుడు ఎంటర్ నొక్కమన్నాను. కీబోర్డు మోగలేదు. మంగళం లేకుండా పేరు పెట్టాల్సి వచ్చిందని అత్త వెనకాడుతోందని అర్థమైంది. నేను తొందరపెట్టలేదు. మామ్మే అడిగింది, ఏటాగిపోయావే అని. అత్త చెప్పింది. మామ్మ అందుకుంది.

"పుట్టినోడికి పేరెట్టకుండా ఎన్నాల్లుంచుతావే. పెట్టీ. మంగళం ఎక్కడికీ పోదు, నాకాడే ఉన్నాది."

మీటలు కొట్టిన చప్పుడు. ఏం పేరు పెట్టావని అడిగితే, పిన్ని అని కొట్టానంది అత్త. ఇంకేమీ తోచలేదట. వర్డ్ మూసుకుంది.

అప్పుడే మామ్మ కొడుకు వచ్చినట్టున్నాడు. బస్సుకు వేళయిందని, సంచి ఏదని అడుగుతున్నాడు. మామ్మ లేవలేదు. అత్తను అడుగుతోంది.

"ఇప్పుడు నా పాటలెక్కడున్నాయే?"

అత్త నన్నడిగింది. బల్ల కింద డబ్బాలో ఉన్నాయన్నాను. మామ్మకు ఆ జవాబు నచ్చలేదు. ఉంటే సూపించమంది. అత్త ఫైలు తెరిచి, గోడ దాటించి టీవీ మీదకు లాగింది. పెద్ద అక్షరాలు కదా, మామ్మ కొడుకు కూడా సంచి కింద పెట్టి చూస్తున్నాడని అత్త నాతో అంది. మామ్మకు చదవడం రాదు. అత్త హాల్లోకి వచ్చి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. బస్సు అంటూ ఆయన మళ్లీ ఏదో అనబోతే, కూకోరా అంది మామ్మ.

ఎవ్వరి చేతిదని అడిగింది మగ్గము
ఎండలో కూకున్న అమ్మదని సెప్పు

పంక్తి పంక్తికీ మామ్మ ఊఁ కొడుతోంది. ఒకచోట ఊఁ ఆగింది. అత్త కూడా ఆగింది. కుట్టుమిషను చక్రం ఒక చుట్టు తిరిగింది, మామ్మ ఆ పంక్తి తనే అందుకుంది, అత్త ముందుకు చదివింది.

స్టూలు మీద ఫోన్ ఉందన్న సంగతి ఇద్దరూ మర్చిపోయారు. నేను గుర్తు చెయ్యలేదు. ఆఫీసు చప్పుడు అటు వెళ్లకుండా నా వైపు మైకు ఆపేసి, కేరియరు మూత తియ్యకుండానే కూర్చున్నాను.