డీజిల్ డబ్బా కడిగిన నేరం

మిత్రులారా, గత వారం కొన్న నా పాత పికప్ బండి ఈ ఉదయం గుడివాడ దారిలో దగ్గుతూ దగ్గుతూ ఆగిపోయింది. మెకానిక్ ఫిల్టర్ విప్పి, "డీజిల్లో నీళ్లండీ" అన్నాడు. ఆ వాసనకు కోడూరులోని మా వసారా కళ్లముందు నిలిచింది.

మీ ఇళ్లలోనూ ఉండేవి కదా, నల్లబడిన డీజిల్ డబ్బా, గరాటు, వడకట్టడానికి నాన్నగారి పాత పంచె ముక్క? పదేళ్ల వయసులో, పరిశుభ్రతా కార్యక్రమంలో భాగంగా ఆ డబ్బాను నేను కాలవలో కడిగాను. ఆరబెట్టడం కార్యక్రమంలో లేదు.

మర్నాడు ఆ డబ్బాలోని డీజిల్ తాగిన మా బండి చేపల లోడుతో దారిలోనే ఆగింది. చేపలన్నీ పాడయ్యాయి. నాన్నగారి అధ్యక్షతన వసారాలో విచారణ జరిగింది.

"డీజిలు అమ్ముకుని నీళ్లు కలిపావేంట్రా?"

"దేవుడి తోడండీ, నాకేం తెలీదండీ" అన్నాడు డ్రైవర్ ఏసోబు మావయ్య.

ఏకైక సాక్షినైన నేను స్తంభం వెనుక మౌనం పాటించాను. ఆ తర్వాత ఊళ్లో ఎవరూ మావయ్య చేతికి బండి తాళం ఇవ్వలేదు.

"ఎవరు పోశారో ఈ నీళ్లు!" అన్నాడు మెకానిక్.

"నేనేనండీ."

"మీరు కొని వారమేగా సార్!" అని నవ్వేశాడు.

ఆ వాంగ్మూలం నమోదు కాలేదు. స్వీకరించవలసిన మావయ్య పోయి నాలుగేళ్లయింది.