అడగకుండా ముట్టదన్న మాట

వాక్కును, చేతిని జతచేసి మనిషికి ప్రసాదించిన తల్లి భారతికి నమస్కరించి, వైశాఖ బహుళ తదియ, గురువారం నాటి సంగతి వ్రాస్తున్నాను.

నా మనవరాలు ఆక్యుపేషనల్ థెరపీ విద్యార్థిని. తినడం, బొత్తాలు పెట్టుకోవడం, పలక పట్టడం వంటి నిత్యకృత్యాలు చేతకాని పిల్లలకు వాటిని ఆటలతో నేర్పే విద్య అది. వేసవిలో వాకాడు దగ్గర మా ఇంట ఉండి, ఊరి చివర అలాంటి పిల్లల కోసం ఉన్న కేంద్రంలో అభ్యాసం చేసింది. తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసిన నేను తోడు వెళ్లేవాణ్ణి.

అక్కడికి ఒక జాలరి దంపతుల ఆరేళ్ల కొడుకు వచ్చేవాడు. చేతికి తడి, జిగురు తగిలితే వాడి ఒళ్లు జలదరించేది, విదిలించి ఏడ్చేవాడు. అన్నం తల్లి చేతి ముద్దగానే తినేవాడు. బడి తెరిస్తే మధ్యాహ్నం తినిపించేవారెవరు? ఆలోపు బిడ్డ తన చేత్తో తినాలి. ఆ తల్లి కోరిక అదొక్కటే.

మొదటి రోజు వాడు గుమ్మం దాటలేదు. మనవరాలు నా చెవిలో చెప్పింది: "అడగకుండా నేను వాణ్ణి ముట్టుకోను తాతయ్యా. నువ్వు చెబితే నమ్ముతాడు."

నేను వాడి ముందు కూర్చుని అదే మాట ఇచ్చాను.

"ఒట్టా తాతా?"

"ఒట్టు."

"అక్క ముట్టుకుంటే?"

"నన్ను కొట్టు."

నవ్వి లోపలికి వచ్చాడు.

ఆమె పద్ధతి చూసి ముచ్చటపడ్డాను. అరచేయి చాచి కూర్చునేది. వాడు తన చేయి దానిమీద పెడితేనే ఆట. పొడి ఇసుక, తరువాత తడి ఇసుక, ఆపైన పొడి అన్నం దాకా వాడంతట వాడే వచ్చాడు. పెరుగన్నం గిన్నెను మాత్రం తోసేవాడు. "రేపులే అక్కా" అనేవాడు. "సరే, రేపే" అనేది.

తదియ నాడు మనవరాలి పనిని పరీక్షించి మార్కులు వేయడానికి ఆమె అధ్యాపకురాలు వచ్చారు. గిన్నె పెట్టారు. వాడు "రేపు" అన్నాడు. మనవరాలి అరచేయి చాచే ఉంది. వాడి చేయి రాలేదు. అధ్యాపకురాలు గడియారం చూశారు. అంతే, నా మనవరాలు వాడి మణికట్టు పట్టుకుని పెరుగన్నంలో ముంచి, ఆ చేతిని వాడి నోటికే చేర్చింది. ముద్ద లోపలికి పోయింది. "తిన్నాడే!" అన్నారు అధ్యాపకురాలు. వాడు ఏడవలేదు. పెరుగంటి తెల్లబడిన వేళ్లను ఒంటికి దూరంగా పట్టుకుని, ఆమెను కాదు, నన్ను చూశాడు.

దారిలో అన్నాను: "నా మాటను వాడుకున్నావమ్మా."

"ఒక్కసారికి ఏమవుతుంది తాతయ్యా? తిన్నాడు కదా!"

నా నోటి మాటను అబద్ధం చేసినది పరాయి బిడ్డ కాదు. ఆ పూట ఆమెతో కలిసి భోజనానికి కూర్చోలేకపోయాను.

మరునాడు వాడు రాలేదు. నేనే వెళ్లాను. సముద్రంలో చేపల వేట నిషేధపు రోజులు కనుక తండ్రి ఇంటిముందు వల బాగుచేసుకుంటున్నాడు. "రానంటున్నాడు అయ్యోరూ. ఇప్పుడు ఇసక గూడా ముట్టడంలా" అన్నాడు.

తల్లి వెనుకనుంచి పిల్లవాడు తొంగిచూశాడు. "నువ్వు ఒట్టేసినావు గదా తాతా."

చేయి చాచి, "కొట్టు" అన్నాను. వాడు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

మనవరాలు ఉత్తీర్ణురాలైంది. జ్యేష్ఠ బహుళ పాడ్యమి నాడు బడి తెరిచారు. మధ్యాహ్నం తల్లి వెళ్లి వాడికి అన్నం తినిపించి వచ్చింది.