సుబేదార్ గారి పన్నెండు మాటలు

2022 వానాకాలం. నేరేడ్‌మెట్‌లోని మా మొబైల్ రిపేర్ షాపుకు గ్లాస్ మార్పించుకోవడానికి వచ్చినవాళ్లు కూడా క్రిప్టో కాయిన్ల సంగతి అడుగుతున్న రోజులు. సగంమందిని నేనే కోప్పడి పంపించేవాణ్ని. సైనిక్‌పురిలో అద్దెకుండే సుబేదార్ యాదగిరి గారిని మాత్రం కోప్పడలేకపోయాను. సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. అప్పటికే ఎక్స్ఛేంజ్‌లో, అంటే కాయిన్లు కొనిపెట్టే కంపెనీ యాప్‌లో, కొన్ని కొనుక్కున్నారు. పెళ్లయినప్పటి నుంచీ క్వార్టర్లు, అద్దె ఇళ్లు తప్ప ఎరగని భార్య అనసూయమ్మకు వాటితో సొంత ఇల్లు ఇవ్వాలని ఆయన ఆశ. ఆ కంపెనీ మునిగితే తన గతేమిటని భయపడి, కాయిన్లను సొంత వ్యాలెట్‌లోకి, అంటే తాళం తన చేతిలోనే ఉండే ఫోన్ ఖాతాలోకి, మార్చుకోవడం నేర్పమన్నారు.

ముందు సీడ్ ఫ్రేజ్ గురించి చెప్పాను. వ్యాలెట్ తెరవగానే ఇచ్చే పన్నెండు ఇంగ్లీషు పదాలవి. ఫోన్ పోయినా, కొత్త ఫోన్‌లో వాటిని అదే వరసలో కొడితే కాయిన్లు మళ్లీ చేతికొస్తాయి. రెండు కాగితాల మీద రాసి వేరువేరు చోట్ల దాచమన్నాను, ఎవరికీ చూపించొద్దన్నాను. తర్వాత పంపించడం. పొడుగాటి వ్యాలెట్ అడ్రస్ చేత్తో టైపు చేయకూడదు, కాపీ చేసి సరిచూసుకోవాలి. రెండువైపులా నెట్‌వర్క్, అంటే కాయిన్లు నడిచే దారి, ఒకటే ఉండాలి. ముందు కొంచెం పంపి, అది చేరాకే మిగతాది పంపాలి. ఆయన ఒక్క తప్పు లేకుండా చేశారు. అంత మంచి విద్యార్థి నాకు మళ్లీ దొరకలేదు.

మరుసటి ఏడాది ఆయనకు బాత్రూంలో పక్షవాతం వచ్చింది. జేబులోని ఫోన్ నీళ్ల బకెట్లో పడింది. ఆసుపత్రి హడావిడిలో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నా దగ్గరికి తెచ్చేసరికి బోర్డు తుప్పుపట్టిపోయింది. ఎంత తంటాలు పడ్డా అది లేవలేదు. ఫర్వాలేదు, పదాలు రాసిన ఆ కాగితాల్లో ఏదో ఒకటి తెండి చాలన్నాను.

సుబేదార్ గారు ఎడమచేత్తో అగ్గిపుల్ల గీసినట్టు చూపించి, నుదురు తట్టుకున్నారు. నాకు అర్థం కాలేదు. అనసూయమ్మే చెప్పింది.

"రెండు కాగితాలూ కాల్చిండు తమ్మీ. మిలిట్రీల గట్లనే నేర్పిండ్రట. చదువుడు, యాద్ పెట్టుకునుడు, కాల్చుడు."

ఆయన తలలో దాచుకున్న పదాల మీదే దెబ్బ పడింది. కొన్ని నోటికి వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు, వచ్చినవాటికి వరస కుదిరేది కాదు. నెలకోసారి వచ్చి మా షాపు కుర్చీలో కూర్చుని, కొత్త ఫోన్ పట్టుకుని చెమటలు పట్టేదాకా ప్రయత్నించేవారు. ఇంకొక్కసారి చూడండి సార్ అని నేనూ వెంటపడేవాణ్ని. నాకు ఆ ఇల్లే కళ్ల ముందు కనబడుతుండేది.

ఒక మధ్యాహ్నం అనసూయమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇగ చాలు తమ్మీ. మాటలు నేర్పే డాక్టరమ్మ కాడ సుత గీ ఇంగ్లీషు మాటలే అంటుండు. నా పేరు ఇంకా ఆయన నోట్లకెళ్లి రాలే. ఇల్లు లేకున్నా బతుకుతం. ముందు నా పేరు రానియ్యి."

ఫోన్ ఆమె చేతికిచ్చేశాను. గత వేసవిలో ఆయన కాలం చేశారు. ఆ కాయిన్లు ఇప్పటికీ ఆ వ్యాలెట్‌లోనే ఉన్నాయి. దాని అడ్రస్ నెట్‌లో కొడితే ఎవరికైనా కనబడతాయి, తీయడం మాత్రం ఎవరివల్లా కాదు. అనసూయమ్మ ఇంకా ఆ అద్దె ఇంట్లోనే ఉంటోంది.

ఇప్పుడు నా దగ్గర వ్యాలెట్ తెరిపించుకోవాలంటే ఇంట్లోవాళ్లలో ఒకరు పక్కన కూర్చోవాల్సిందే. ఇదేం పద్ధతని విసుక్కుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, పోనీ అనుకుంటాను. సుబేదార్ గారికి నేర్పించిన రోజున అనసూయమ్మ మా షాపు ముందు ఆటోలోనే కూర్చుని ఉంది. ఆమెను లోపలికి పిలవాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.