పెద్దబాపును దాటిన మనిషి

నా చిన్నప్పటికే మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఆట మానేసి చాలా ఏళ్లయింది. అయినా మా ఊరు ఎల్లారెడ్డిలో ఆయన్ను ఫుట్‌బాల్ ఆటగాడిగానే తలచుకునేవారు. హైదరాబాదులో ఒక మిల్లు జట్టుకు ఆడేవాడట. గోల్ ముందు ఆయన నిలబడితే దాటి పోయిన మగాడు లేడని హోటల్ దగ్గర పెద్దలు చెప్పుకుంటుంటే నాకు ఎంతో గర్వంగా ఉండేది. ఆయన మాత్రం ఆ మాట వినగానే చాయ్ సగంలో వదిలేసి లేచిపోయేవాడు. అది వినయమనుకునేదాన్ని.

ఏటా వానలకు ముందు ఆయన ఒక్కడే లింగంపేటకు వెళ్లొచ్చేవాడు. నాకు పదేళ్లప్పుడు ఏడ్చి వెంటపడితే నన్నూ బస్సెక్కించాడు.

అక్కడొక పెంకుటింటి అరుగు మీద ఆయన వయసు మనిషి, పక్కనే భార్య, బీడీలు చుడుతున్నారు. ఆ మనిషి ఎడమకాలు మోకాలి కింద వంకరపోయి ఉంది. పెద్దబాపు అరుగెక్కకుండా కింద నేల మీదే కూర్చున్నాడు. కాసేపు మక్కల పంట గురించి, విత్తనాల గురించి మాట్లాడుకున్నారు.

మధ్యలో దూరి నేనే గొప్పగా అన్నాను. "మా పెద్దబాపును దాటి బంతి తీస్కపోయినోడు ఒక్కడు గూడ లేడంట, తెల్సా?"

తునికాకు మడుస్తున్న చేయి ఆగింది. ఆ మనిషి నన్ను చూసి నవ్వాడు. "నేను పోయిన బిడ్డా. ఒక్కసారి."

పెద్దబాపు తల దించుకున్నాడు.

"బంతి అప్పటికే దాటిపోయింది," అన్నాడు పెద్దబాపు నాతో. "నాకు కనబడ్డది. కనబడ్డంకనే కాలు మీద తన్నిన. కట్టె ఇరిగినట్టు సప్పుడైంది. మా జట్టోళ్లు చప్పట్లు కొట్టిన్రు బిడ్డా. నాకు ఆ సప్పుడే ఇంకా ఇనబడ్తది."

"ఇగ చాలు తియ్," అన్నాడా మనిషి, మళ్లీ ఆకు అందుకుంటూ. క్షమించాననలేదు, లేదనీ అనలేదు. ఆయన భార్య మాత్రం బీడీల చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మేం బయలుదేరేదాకా బయటికి రాలేదు.

పెద్దబాపు బతికున్నన్నాళ్లూ ఏటా అక్కడికి వెళ్తూనే ఉన్నాడు. నన్ను మళ్లీ తీసుకెళ్లలేదు, నేనూ అడగలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఇంట్లో ఎవరితోనైనా వాదించి ఓడిపోయాక, ఇక అవసరం లేని ఒక మాట, మనసు విరిచే మాట, నోటి దాకా వస్తుంది. చాలాసార్లు మింగేశాను. కొన్నిసార్లు అనేశాను. అన్న ప్రతిసారీ, ఎదుటి మనిషి ముఖం కన్నా ముందు, ఆ అరుగు మీంచి లేచి లోపలికి పోతున్న ఆమె వీపు కనిపిస్తుంది.